ఇంటి నుంచి పనిపై మా మానవ వనరుల విభాగాధిపతి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఐదు రోజులూ ఆఫీసుకు రావాలన్న ఆదేశంపై మేం రాసిన మెయిళ్లకు జవాబు రానందున నలుగురి ముందూ అడుగుతున్నాం. ఇంట్లో ఉత్పాదకత తగ్గుతోందన్నారు. లెక్క మాత్రం చూపలేదు. చైనాకు చెందిన ప్రయాణ బుకింగ్ సంస్థ ట్రిప్‌డాట్‌కామ్‌లో 1,612 మంది ఉద్యోగులపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2024లో నేచర్ అనే విజ్ఞాన పత్రికలో వచ్చాయి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినా పనితీరు తగ్గలేదు, ఉద్యోగం మానేసేవారు మూడింట ఒక వంతు తగ్గారు.

కొత్తగా చేరినవారికి ఆఫీసు అవసరమే, కాదనం. కానీ ఉప్పల్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ట్రాఫిక్‌లో వచ్చి, ఇక్కడా హెడ్‌ఫోన్లలో అమెరికా టీముతోనే మాట్లాడి, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరే తల్లుల మాటేమిటి?

వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనికి అనుమతించండి. లేదా మీ లెక్కలు బయటపెట్టండి. నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
మీ సంస్థ ఉద్యోగులు