పిస్తోలు కంటే ముందు ఇసుక పెట్టె

సంపాదకులకు,

గస్తీ కానిస్టేబుళ్లందరికీ పిస్తోళ్లు ఇవ్వాలనే వాదన ఉంది. 2008లో ముంబయి గిర్గాం చౌపాటీ దగ్గర పోలీసు ఉద్యోగి తుకారాం ఓంబ్లే తుపాకీ లేకుండానే ఉగ్రవాది కసబ్‌ను పట్టుకుని ప్రాణమిచ్చారు. కాబట్టి ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ ఆయుధం ఇవ్వడం తేలిక, రోజూ దాన్ని భద్రంగా అప్పగించడమే కష్టం.

డ్యూటీ దిగాక పిస్తోలు అప్పగించే వరస ఇది: గొట్టం ఇసుక పెట్టె (పొరపాటున పేలినా తూటాను ఆపేది) వైపు, వేలు ట్రిగ్గర్‌కు బయట. ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బీ) తీయాలి, తర్వాతే స్లైడ్ (పిస్తోలు పైభాగం) వెనక్కి లాగి చాంబర్‌ను (పేలే ముందు తూటా ఉండే గదిని) కంటితో, వేలితో చూడాలి. రాత్రంతా తిరిగి అలిసినవాడు మ్యాగజైన్ తీయకముందే స్లైడ్ లాగాడనుకోండి, ఒక తూటా బయటపడి మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి లోపలికెక్కుతుంది. ఆపై మ్యాగజైన్ తీసి ఖాళీ అయిందనుకుంటాడు. పొరపాటు పేలుళ్లకు ఇదో పాత దారి.

జాతరలో పెనుగులాట జరిగితే ఒక్క బొత్తాం ఉన్న తోలు ఒరలోంచి పిస్తోలు ఎవరైనా లాగేస్తారు. లాక్ ఉన్న హోల్‌స్టర్ (ఒర), లాన్‌యార్డ్ (పిస్తోలును ఒంటికి కట్టే తాడు) తప్పనిసరి. రైఫిల్ అసలే వద్దు, 7.62 ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) తూటా ఒకరిని దాటి వెనకున్నవారికీ తగలగలదు.

పైగా బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 43వ సెక్షన్ ప్రకారం మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, అరెస్టు కోసం ప్రాణం తీసే హక్కు లేదు. పారిపోయే జేబుదొంగ విషయంలో ఆ పిస్తోలు నడుముకు బరువే.

గస్తీ బండికి ఇద్దరు చొప్పున, మూడు నెలలకోసారి రేంజిలో కాల్చి పాసైనవారికే ఇవ్వండి. మిగతావారికి లాఠీ, వైర్‌లెస్ సెట్టు, పక్కన ఇంకో మనిషి.

– ఒక పాఠకుడు, వరంగల్