సంతకం పెట్టిన కాగితం మాకూ ఒకటి ఇప్పించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

అయ్యా,

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మార్కెట్టుకి కొబ్బరికాయలు తోలడానికి మా తమ్ముడు 2025 మొదట్లో ఫైనాన్సులో ట్రాలీ ఆటో తీసుకున్నాడు. ష్యూరిటీ నేనే కాబట్టి ఆ రోజు నేనూ వెళ్లాను. ఏజెంటు కుర్రాడు ముందే పెన్సిలుతో టిక్కులు కొట్టుకొచ్చాడు. 'ఇక్కడండి, ఇక్కడోటండి' అంటూ పేజీ తిప్పడమే గానీ చదవనిస్తే ఒట్టు. చదువుదామన్నా చీమ తలకాయంత ఇంగ్లీషు. కొన్ని గడులు ఖాళీగానే ఉన్నాయి. తమ్ముడి సంతకాలు ఇరవై రెండు దాకా లెక్కపెట్టి వదిలేశాను. కట్టంతా బ్యాగులో పెట్టుకుని కుర్రాడు వెళ్లిపోయాడు. మా చేతికొచ్చింది బండి తాళం, ఒక స్వీటు ప్యాకెట్టు.

ఏడాది తిరిగాక చేతిలో నాలుగు డబ్బులు ఆడితే అప్పు ముందే తీర్చేద్దామనుకున్నాడు. చార్జీ పడుతుందన్నారు. ఎందుకంటే 'అగ్రిమెంట్లో ఉందండి'. చూపించమంటే 'హెడ్డాఫీసులో ఉందండి'. మూడుసార్లు తిరిగాడు. తిరిగిన రోజల్లా కిరాయి పోయింది.

రూలు లేదా అంటే, ఉంది. ఫైనాన్సు కంపెనీలు అప్పిచ్చేటప్పుడే ఒప్పందం నకలు, దానికి జతచేసిన కాగితాలతో సహా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమావళి చెబుతోంది. వడ్డీ, చార్జీలు అన్నీ ఒక్కచోట రాసిన 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' 2024 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి. అది మనకు తెలిసిన భాషలో ఇచ్చి, వివరించి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. ఆ ఇరవై రెండింటిలో 'నాకు అర్థమైంది' అనే సంతకం కూడా ఉండే ఉంటుంది!

మీకెందుకు రాస్తున్నానంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీ శాఖది. బిల్లు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. అంటే సబ్బుబిళ్లకు బిల్లు అడగొచ్చు. ఏళ్ల తరబడి కట్టాల్సిన అప్పు కాగితం గురించి మాత్రం అక్కడ అలాంటి మాట లేదు. తగిన చార్జీ కడతామన్నా అప్పు ముందే తీర్చనివ్వకపోతే అది అన్యాయమైన ఒప్పందం అని కూడా రాశారు. బాగానే ఉంది. అన్యాయమని చెప్పడానికి ముందు ఆ ఒప్పందం కంటికి కనబడాలి కదా. పైగా అలాంటి ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి లేదు, రాష్ట్ర కమిషన్‌కి విజయవాడ వెళ్లాలి.

కాగితం లేకపోతే ఏమవుతుందో మా డెల్టా కౌలు రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. సాగు హక్కు పత్రానికి భూమి యజమాని సంతకం కావాలని రాష్ట్రంలో 2019లో చట్టం చేశారు. చాలామంది యజమానులు పెట్టరు. అక్కడ సంతకం దొరక్క తిప్పలు, ఇక్కడ సంతకాలు పెట్టీ తిప్పలు.

బిల్లు మాట ఉన్నచోటే ఇంకో ముక్క చేర్చండి. సంతకం చేయించుకున్న ఒప్పందం నకలు అక్కడికక్కడే, అడగకుండానే ఇవ్వకపోతే అదీ అనుచిత వ్యాపార పద్ధతే అని. తెలుగులో ఉండాలి. ఫోనుకి లింకు పంపాం అంటే కుదరదు, మా తమ్ముడిది బటన్ల ఫోను. ష్యూరిటీ పడ్డవాడికీ ఒకటివ్వాలి. వాయిదా తప్పితే వాళ్లు తొక్కేది నా గుమ్మమే.

ఈ ఉత్తరం నకలు నా దగ్గర ఒకటి ఉంచుకున్నాను.

ఇట్లు,
అంబాజీపేట దగ్గర ఒక ష్యూరిటీదారు