ఆక్సిజన్ గేజీలన్నింటికీ ఒకే కొలమానం కావాలి

సంపాదకుడికి,

మన ఆసుపత్రుల్లో ఆక్సిజన్ సిలిండర్లకు బిగించే ప్రెషర్ గేజీలు ఒక్కొక్కటి ఒక్కో లెక్క చెబుతున్నాయి. ఒకదానిపై చదరపు సెంటీమీటరుకు కిలోలు, మరోదానిపై పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు, ఇంకోదానిపై బార్, కొన్నింటిపై మెగాపాస్కల్. నిండు సిలిండర్‌కు కిలోల గేజీ 150 చూపిస్తే పీఎస్‌ఐ గేజీ 2,100 పైచిలుకు చూపిస్తుంది. మెగాపాస్కల్ గేజీలో ముల్లు 15 దగ్గరే ఆగుతుంది. లోపలున్న ప్రాణవాయువు మాత్రం అంతే. చాలాకాలం వార్డుల్లో పనిచేసిన నర్సుగా ఈ గందరగోళం ఎంత ప్రమాదకరమో ప్రభుత్వం దృష్టికి తేవాలని రాస్తున్నాను.

డ్యూటీ మారే వేళ "సిలిండర్‌లో ఇంకా యాభై ఉంది" అని చెప్పి వెళ్లడం మామూలు. ఆ యాభై కిలోల లెక్కలోదైతే, పది లీటర్ల నీరు పట్టే బి-టైపు సిలిండర్‌లో, ఒత్తిడితో కుదించిన సుమారు 500 లీటర్ల ఆక్సిజన్ ఉన్నట్టు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున పెడితే గంటన్నర దాటి వస్తుంది. అదే యాభై పీఎస్‌ఐ అయితే మిగిలింది 35 లీటర్లే. ఏడు నిమిషాల్లో ఖాళీ! విజయనగరం నుంచి విశాఖపట్నం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు తరలిస్తున్న రోగికి ఈ తేడా ప్రాణాంతకం. ఇందుకు భిన్నమైన పొరపాటూ జరుగుతుంది. కిలోలకు అలవాటుపడిన వారు మెగాపాస్కల్ గేజీపై 12 చూసి, అయిపోవచ్చిందనుకుని, ఎనభై శాతం నిండుగా ఉన్న సిలిండర్‌ను పక్కన పెట్టేస్తారు. కొన్ని గేజీలపై రెండు వలయాలుంటాయి. పెద్ద అంకెలు పీఎస్‌ఐవి, లోపలి చిన్న అంకెలు కిలోలవి. రాత్రిపూట మసక వెలుతురులో వాటిలో ఏది చదవాలి?

రక్తపోటు విషయంలో ఈ బాధ లేదు. పీడనానికి అంతర్జాతీయ ప్రమాణంగా పాస్కల్ అన్న పేరు 1971లోనే ఖాయమైంది. అయినా వైద్యులు పాదరసపు మిల్లీమీటర్లనే వాడుతున్నారు. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం పాదరసపు బీపీ పరికరాలు తొలగిపోతున్నా, వాటి స్థానంలో వచ్చిన డిజిటల్ యంత్రాలు కూడా ఆ లెక్కే చూపిస్తున్నాయి. 120/80ని కిలోపాస్కల్‌లో 16/10.7 అని రాస్తే శాస్త్రీయంగా తప్పేమీ లేదు, కానీ రోగికి, డాక్టరుకు, మందుల షాపువాడికి అందరికీ తెలిసిన అంకె మొదటిదే. కొలమానం పాతదైనా అందరిదీ ఒకటే కావడమే అక్కడి రక్షణ. వెంటిలేటర్లకు వాడే నీటి సెంటీమీటర్ల లెక్కతోనూ పేచీ లేదు, ఆ యంత్రాన్ని నడిపేది శిక్షణ పొందినవారే. ఆక్సిజన్ సిలిండర్ అలా కాదు. వార్డుబాయ్ నుంచి అంబులెన్సు డ్రైవరు దాకా, ఒక్కోసారి రోగి కూతురు కూడా, ఆ ముల్లును చూసే నిర్ణయం తీసుకుంటారు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థలు ఇకపై కొనే ప్రతి రెగ్యులేటరుకూ (సిలిండర్‌కు బిగించి ఆక్సిజన్ ఒత్తిడిని తగ్గించే పరికరానికి) బార్ గేజీ మాత్రమే ఉండాలని టెండరు షరతుల్లో రాయాలి. బార్ అంటే లక్ష పాస్కల్‌లు. చదరపు సెంటీమీటరుకు కిలో అన్న లెక్కకూ దానికీ తేడా రెండు శాతమే కనుక, ఇప్పుడున్న సిబ్బంది కొత్తగా నేర్చుకోవలసిందేమీ ఉండదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం మన కొలతలన్నీ మెట్రిక్ పద్ధతిలోనే ఉండాలంటుంది. మరి పౌండ్లూ అంగుళాలూ ప్రాణవాయువు దగ్గర ఎందుకు మిగిలాయి?

పాత గేజీలు మారేదాకా ప్రతి సిలిండర్ మెడకూ ఒక తెలుగు అట్ట వేలాడదీయాలి. ముల్లు ఎక్కడుంటే నిమిషానికి 2, 5, 10 లీటర్ల చొప్పున ఎంతసేపు వస్తుందో దానిపై పెద్ద అక్షరాల్లో ఉండాలి. కోవిడ్ తరువాత ఇళ్లలోనే ఆక్సిజన్ పెట్టుకునే ఊపిరితిత్తుల రోగులు పెరిగారు. సిలిండర్లను అద్దెకిచ్చే దుకాణాలకు కూడా ఈ నిబంధన వర్తింపజేయాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, విజయనగరం