మాల్గుడిని చిన్నచూపు చూడొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత దూరదర్శన్ సీరియళ్ల మీద వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ఆర్.కె. నారాయణ్ కథలతో తీసిన ‘మాల్గుడి డేస్’కి ఆ వ్యాసకర్త కేటాయించింది రెండే వాక్యాలు. అప్పట్లో వేరే చానెల్ లేదు కాబట్టి జనం చూశారట. ఇప్పుడు చూసేవాళ్లు చిన్నతనం గుర్తొచ్చి చూస్తున్నారట.

మా మనవరాలికి పదకొండేళ్లు. దానికి ఏ చిన్నతనం గుర్తొచ్చిందని చూసింది? సెలవుల్లో నా ఫోన్‌లో ఆ సీరియల్లోని స్వామి అనే బడిపిల్లాడి కథ ఒకటి పెట్టాను. పులితో పోరాడిన కుర్రాడి వార్త పేపర్లో చూసి, నీకూ ధైర్యముంటే ఈ రాత్రి నా ఆఫీసు గదిలో ఒక్కడివే పడుకో అంటాడు తండ్రి. వాడేమో రోజూ నాయనమ్మ పక్కన పడుకునేవాడు. చీకట్లో దయ్యమనుకుని దొంగ కాలు పట్టుకుని కొరికేదాకా మా పిల్ల కదల్లేదు. దానికి హిందీ స్కూల్లో నేర్పినంతే వచ్చు. అయినా నన్ను ఒక్క మాటకీ అర్థం అడగలేదు. తండ్రి వేషంలో గిరీశ్ కర్నాడ్ గదిలోకి వస్తుంటే స్వామితో పాటు అదీ సర్దుకుని కూర్చుంది.

ఆర్.కె. నారాయణ్ స్వామి కథను పుస్తకంగా తెచ్చింది 1935లో. దర్శకుడు శంకర్ నాగ్ ఆయన మాల్గుడి కథల్ని 1980లలో, ఎక్కువగా కర్ణాటకలోని ఆగుంబెలో తీశాడు. రచయిత తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు గీశాడు. ఎల్. వైద్యనాథన్ ఇచ్చిన ఆ పాట, మాటల్లేని ఆ తాననా, ఇప్పటికీ ఎవరైనా కూనిరాగం తీస్తే పక్కవాళ్లు అందుకుంటారు. శంకర్ నాగ్ 1990లో కారు ప్రమాదంలో పోయాడు. ముప్ఫై అయిదేళ్ల వయసు. ఇంత చెప్పుకోవాల్సిన మనిషి పేరు కూడా మీ వ్యాసంలో లేదు.

ఆ సీరియల్ నిలిచింది ఎందుకో నాకు తెలిసినంతలో చెబుతాను. అందులో ఊళ్లో మనుషుల్ని చూసి ఎవరూ వెక్కిరించరు. ఒక పోస్ట్‌మ్యాన్ ఉంటాడు. తనకు బాగా కావలసినవాళ్లింట్లో పెళ్లి ఆగిపోతుందేమోనని, పెళ్లికూతురి తండ్రికి వచ్చిన చావు కబురు ఇవ్వకుండా దాచేస్తాడు. ఉద్యోగం పోయేంత తప్పు. పెళ్లి అయ్యాక తనే తెచ్చి ఇచ్చి, కావాలంటే పైవాళ్లకు ఫిర్యాదు చేయండంటాడు. ఇంకో కథలో మేకలు కాసుకునే ముసలాయనా, ఒక అమెరికావాడూ ఒకరి భాష ఒకరికి తెలియకుండానే బేరం ముగిస్తారు. ఊళ్లోని మట్టి గుర్రాన్ని కొన్నానని వాడు, మేకల్ని అమ్మానని ఈయన. మనం కడుపుబ్బ నవ్వుతాం. కానీ ఆ ముసలాయన మన కళ్లలో తగ్గడు.

మరి మన టీవీలో చిన్న ఊరంటే ఏముంది? యాస ఒకటి పెట్టేసి నవ్వమంటారు. శ్రీకాకుళం యాస అయితే అమాయకుడు, సీమ యాస అయితే కత్తి పట్టినవాడు. రాత్రి ఏడు దాటితే మేడలు, పట్టుచీరలు, పాలలో విషం. ఒక్క మాటకి నలుగురి మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు. బజారులో మనకు రోజూ కనిపించే సైకిల్ షాపు ఆయన, పోస్టాఫీసు గుమస్తా ఈ కథల్లోకి ఎప్పుడైనా వచ్చారా? ఒకప్పుడు మన భాషలో టీవీకి తీసిన మంచి నాటికలు పిల్లలకి చూపిద్దామంటే దొరకవు. వాటిని భద్రంగా ఉంచాల్సినవాళ్లు ఏం చేస్తున్నట్టు?

శివమొగ్గ జిల్లా అరసాళు అని ఒక చిన్న రైల్వే స్టేషన్. ఆ సీరియల్ షూటింగ్ జరిగిన చోటు. దాన్ని బాగుచేసి మాల్గుడి పేరుతో మ్యూజియం పెట్టారు. నారాయణ్ ఊహించి రాసిన, మ్యాపులో లేని ఊరికి అక్కడ ఒక గుర్తుంది. నిజంగా పుట్టి, రాసి, ఇక్కడే పోయిన మన రచయితల ఇళ్ల సంగతి చెప్పుకుంటే సిగ్గేస్తుంది. విగ్రహం పెట్టి, జయంతికి దండ వేసి, ఫోటో దిగి వెళ్లిపోతారు.

మరొకటి కూడా రాయకుండా ఉండలేను, ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి. నారాయణ్ రాజ్యసభకు నామినేట్ అయ్యాక తన తొలి ప్రసంగంలో మాట్లాడింది పిల్లల స్కూలు సంచుల బరువు గురించి. స్వామిని సృష్టించిన మనిషి ఇంకేం మాట్లాడతాడు! ఆ తర్వాత పిల్లల చదువు భారం తగ్గించే దారి చెప్పమని యశ్‌పాల్ కమిటీ వేశారు, 1993లో నివేదిక వచ్చింది. ఇప్పటికీ మా వీధి పిల్లలు వంగిపోయి నడుస్తున్నారు. సంచి బరువు మీద ఉత్తర్వులు వస్తూనే ఉంటాయి, తూకం వేసేవాడు రాడు.

ఆ వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. పోస్ట్‌మ్యాన్ కథ ఒక్కటి చూసి, ‘మాల్గుడి డేస్’ గురించి మళ్లీ రాయమని మీ ద్వారా కోరుతున్నాను. చూడటానికి అరగంట కూడా పట్టదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు