పచ్చడి సీసాలు రెండు

నందిగామ

చిట్టితల్లికి,

ఇక్కడ అందరం క్షేమం. మామిడి పూత నిలిచింది. నాన్నకి షుగర్ కాస్త అదుపులోకి వచ్చింది. పదిహేను రోజులుగా ఫోన్ ఎత్తడం లేదని రాస్తున్న ఉత్తరం కాదులే ఇది. బెజవాడ నుంచి గంటన్నర బస్సు, అయినా ఆదివారాలు కూడా రావు. సరే.

నువ్వు ఫీజు లేని కేసొకటి నెత్తినేసుకుని రాజమండ్రి జైలుకి తిరుగుతున్నావట, సీను చెప్పాడు. గుంటూరు సంబంధం వాళ్ళకీ ఈ మాట చేరింది. అది వదిలేయ్. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, చెవికి గాలి కొడితే నీకు పడదు.

నీ కేసులో ఆ అబ్బాయి నేరం చెయ్యలేదని నీకెలా తెలుసే? జైల్లో అందరూ అదే అంటారు. సత్యంబాబు సంగతి మర్చిపోయి అనడం లేదు. మన అనాసాగరం కుర్రాడేగా. ఆయేషా మీరా హత్య కేసులో 2008లో పట్టుకెళ్ళారు. కాళ్ళు చచ్చుబడితే పోలీసులు మోసుకెళ్ళడం టీవీలో చూసేవాళ్ళం. పోయిన పిల్ల తల్లే ఇతను కాదు మొర్రో అంది, ఎవరు విన్నారు? 2010లో బెజవాడ కోర్టు జైలు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని శిక్ష కొట్టేసి, అతనికి లక్ష రూపాయలు ఇవ్వమంది. అతను బయటికొచ్చిన ఆదివారం నేను చింతపండు గింజలు తీస్తున్నా. నువ్వు ఇంటర్ పరీక్షలు రాసొచ్చి, ఆ లక్షని అతను జైల్లో ఉన్న రోజులతో పేపరు అంచు మీద భాగించి, "అమ్మా, రోజుకి 32 రూపాయలు" అన్నావు. నాన్న టీవీ కట్టేసి వాకిట్లోకి పోయారు. ఆ రోజు అన్నం సరిగా తిన్లేదు.

లెక్కలు వచ్చుగా, ఇదీ వెయ్యి. సత్యంబాబు అప్పీలు హైకోర్టులో తేలేసరికి ఆరున్నరేళ్ళయింది. నీకిప్పుడు 26.

సలహాలు చెప్పకూడదనే మొదలెట్టాను. కానీ ఒప్పుకున్నాక వాయిదాకి ఆలస్యంగా వెళ్ళకు. కింది కోర్టు తీర్పు ఒకటికి రెండుసార్లు చదువు, సాక్షుల మాటలు పక్కపక్కన పెట్టి చూడు. నాకేం తెలుసనకు, నాన్న పొలం దావా పదకొండేళ్ళు మోశాను. ఖాళీ కడుపుతో కాఫీ తాగకు.

ఆర్టీసీ కార్గోలో పండుమిర్చి పచ్చడి వేశాను, సీసాలు రెండు. పెద్దది నీకు. చిన్నది ఆ అబ్బాయి వాళ్ళమ్మకి, కాయితాల కోసం వస్తూ ఉంటుందటగా. దాంట్లో కారం తగ్గించాను. మూత గట్టిగా బిగించి ఇవ్వు, నూనె కారితే చీర పాడవుతుంది. అందగానే ఫోన్ చెయ్యి, పచ్చడి సంగతి చెప్పడానికైనా.

అమ్మ