ఒకే నంబరుతో రెండు టోకెన్లు ఎందుకొస్తాయి?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హన్మకొండలో మా ఆయనతో కలిసి చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు ఆయన చూసుకుంటారు. బిల్ బుక్కులు, రసీదు పుస్తకాలు, కూపన్లు, టోకెన్లు, అంటే నంబరు పడాల్సిన పని ఏదొచ్చినా నా చేతి మీదుగానే పోతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా నా పని ఇదే. ఈ అనుభవంతో ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. కొంచెం పొడుగైనా దయచేసి వేసుకోండి.

2025 వానాకాలంలో యూరియా కోసం మన జిల్లాల్లో రైతులు ఎట్లా లైన్లు కట్టారో అందరం చూశాం. తెల్లారకముందే వచ్చి చెప్పులు, పాసు పుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి పక్కన కూర్చున్నారు. చాలాచోట్ల టోకెన్లు ఇచ్చారు. అందులో ఒక సొసైటీ టోకెన్లు మేం కొట్టినవే. సాయంత్రం ఆరింటికి ఫోన్ వచ్చింది, పొద్దునకల్లా 2,400 టోకెన్లు కావాలని. "నంబరు ఎక్కడి నుంచి వెయ్యాలి సార్?" అని అడిగాను. "ఒకటి నుంచే వెయ్యమ్మా, అడగాల్నా" అన్నారు. వేశాం. రాత్రి ఒంటిగంటకు కటింగ్ అయింది, పొద్దున ఆరింటికి మా ఆయన బండి మీద తీసుకెళ్లి ఇచ్చి వచ్చారు.

రెండు రోజుల తర్వాత ఇంకో 600 కావాలన్నారు. ఈసారి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఫోన్లో సరిగ్గా చెప్పకపోతే నేనే స్కూటీ మీద వెళ్లాను. అక్కడ గొడవ జరుగుతోంది. అరవై దాటిన ఒక పెద్దమ్మ చేతిలో 214. పాతికేళ్లు ఉండని ఒక పిల్లాడి చేతిలో కూడా 214. దూరం నుంచి చూడగానే ఏది మాదో నాకు తెలిసిపోయింది. మాది లేత పసుపు రంగు అట్ట, పిల్లాడిది తెల్లది. ఆరా తీస్తే తెలిసింది, మొత్తం 4,000 టోకెన్లు కావాలంటే మాకు 2,400, ఇంకో ప్రెస్సుకు 1,600 ఇచ్చారు. వాళ్లకు కూడా "ఒకటి నుంచే వెయ్యి" అనే చెప్పారు. అంటే 1 నుంచి 1,600 దాకా ప్రతి నంబరూ ఊళ్లో రెండు చేతుల్లో ఉంది. వాళ్లకు 2,401 నుంచి మొదలుపెట్టమని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏ గొడవా లేదు.

కౌంటర్ దగ్గరున్న ఆయన "ప్రెస్సోళ్లు తప్పు కొట్టిండ్రు" అని అందరితో అంటున్నాడు. నేనే ప్రెస్ నుంచి వచ్చానని తెలిసి ఆ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాది అసలుదేనా బిడ్డా, దొంగదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. రెండూ అసలువే. ఇద్దరూ ఆ టోకెన్ కోసం చీకట్లో వచ్చి నిలబడ్డవాళ్లే. చివరికి ఆయన పెద్దమ్మ టోకెన్ మీద ఎర్ర పెన్నుతో 214 పక్కన "ఎ" అని రాసి పంపాడు. మధ్యాహ్నానికి ఎర్ర పెన్నుతో "ఎ" రాసుకున్న టోకెన్లు ఎన్ని పుట్టుకొచ్చాయో నేను చెప్పనక్కర్లేదు.

తప్పు ఎవరిదని తేల్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నంబరు అంటే కంప్యూటర్లో ఒక నొక్కు నొక్కితే అదే పడిపోతుందని అందరూ అనుకుంటున్నారు. సంస్థలు ఆర్డరు ఇచ్చేటప్పుడు కాగితం రంగు గురించి, ఫొటో సైజు గురించి అరగంట మాట్లాడతాయి. నంబరు గురించి అర నిమిషం కూడా మాట్లాడవు. అందుకే ఆ పని లోపల ఎట్లా జరుగుతుందో కొంచెం చెప్పాలి.

నేను పనిలో చేరినప్పుడు ట్రెడిల్ మెషీన్, అంటే కాలితో తొక్కి నడిపే పాతకాలం అచ్చు మెషీన్ ఉండేది. నంబరింగ్ బాక్స్ అని అగ్గిపెట్టె అంత ఇనుప ముక్క, లోపల అంకెల చక్రాలు. దాన్ని టైపు, అంటే అచ్చు అక్షరాల దిమ్మెల పక్కన బిగించేవాళ్లు. మెషీన్ ఒక దెబ్బ వేసినప్పుడల్లా చక్రం ఒక అంకె తిరిగేది. అందులో వెనక్కి తిరిగే రకం కూడా ఉండేది. 100 దగ్గర పెట్టి మొదలుపెడితే 99, 98 అనుకుంటూ వచ్చి చివర్లో 1 పడేది. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి పని అయ్యేసరికి దొంతర పైన 1 ఉండేది, మళ్లీ తిరగెయ్యాల్సిన పని లేకుండా. ఆ ఆలోచన చేసినవాళ్లెవరో గానీ నాకు ఇప్పటికీ గౌరవం.

తర్వాత చేత్తో కొట్టే నంబరింగ్ మెషీన్ నా చేతికిచ్చారు. దానికి పక్కన చిన్న మీట ఉంటుంది. ఒకటి మీద పెడితే ప్రతి దెబ్బకూ నంబరు మారుతుంది, రెండు మీద పెడితే ఒకే నంబరు రెండుసార్లు, మూడు మీద పెడితే మూడుసార్లు. తెల్లది, గులాబీది, పసుపుది మూడు కాపీల బిల్ బుక్కు అయితే మీట మూడు మీద ఉండాలి. ఒకసారి నేను చూసుకోకుండా ఒకటి మీదే ఉంచి పది బుక్కులు కొట్టాను. తెల్ల కాపీకి 1, గులాబీకి 2, పసుపుకు 3. మా ఓనరు సారు తిట్టలేదు. ఆ పది బుక్కులూ నా ముందు పెట్టి "షాపాయన దగ్గర కొన్న మనిషి రేపు బిల్లు పట్టుకొని వస్తే, ఆయన ఏ కాపీ తీసి చూడాలమ్మా?" అని అడిగారు. అంతే. ఆ రోజు నుంచి నంబరు ఉన్న పని నేను లెక్కపెట్టకుండా బయటికి పంపలేదు.

ఇప్పుడు డిజిటల్ మెషీన్లు వచ్చాయి. మ్యాటర్ అంతా ఒకటే ఉండి నంబరో, పేరో, బార్‌కోడో మాత్రం కాగితం కాగితానికీ మారిపోతుంది. దీన్ని వేరియబుల్ డేటా ప్రింటింగ్ అంటారు. ఎక్సెల్ షీట్లో నంబర్లు తయారుచేసి, కోరల్ డ్రాలో ప్రింట్ మర్జ్ ద్వారానో, ఇన్‌డిజైన్‌లో డేటా మర్జ్ ద్వారానో డిజైనుకు కలుపుతాం. మెషీన్ తప్పు చెయ్యదు నిజమే, మనం ఇచ్చిన షీట్లో తప్పుంటే దాన్ని కూడా అంతే నమ్మకంగా కొట్టి ఇస్తుంది.

ఆ 2,400 టోకెన్ల సంగతే చెప్తాను. 12 బై 18 అంగుళాల షీటు మీద టోకెన్లు 12 పడతాయి. మొత్తం 200 షీట్లు. కొత్తగా నేర్చుకునే పిల్లలు మొదటి షీటు మీద 1 నుంచి 12, రెండో షీటు మీద 13 నుంచి 24 వేస్తారు. స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తుంది. కటింగ్ అయ్యాక చూస్తే ఒక దొంతరలో 1, 13, 25, 37 వస్తాయి, పక్క దొంతరలో 2, 14, 26, 38. పన్నెండు దొంతరలు ముందేసుకొని ఒక్కొక్కటి ఏరి వరుస పెట్టాలి. అర్ధరాత్రి నిద్ర కళ్లతో ఆ పని చేస్తే నంబర్లు తారుమారు కాక ఏమవుతాయి?

అందుకని మేం ఎక్సెల్లో పన్నెండు నిలువు వరుసలు పెడతాం. మొదటిదాంట్లో 1 నుంచి 200, రెండోదాంట్లో 201 నుంచి 400, అట్లా చివరిదాంట్లో 2,201 నుంచి 2,400. షీటు మీద ఒకటో గడిలో 1, పక్క గడిలో 201, దాని పక్కన 401 పడతాయి. కోసిన తర్వాత దొంతర మీద దొంతర పెడితే చాలు, ఒకటి నుంచి 2,400 వరుసగా వచ్చేస్తాయి. ముందుగా చూసుకోమని నమూనా (ప్రూఫ్) పంపితే మాత్రం కస్టమర్లు కంగారు పడి ఫోన్ చేస్తారు, "ఇదేంది మేడం, 1 తర్వాత 201 వచ్చింది" అని. చూసి అడిగారు కదా, నాకు అదే సంతోషం. అడగనివాళ్లతోనే నాకు టెన్షన్.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. మెషీన్లో కాగితం ఇరుక్కొని 37వ షీటు చిరిగిందనుకోండి. పోయేది ఒక్క 37 కాదు. 237, 437, 637, అట్లా 2,237 దాకా పన్నెండు నంబర్లు పోతాయి. వంద టోకెన్లకు ఒక కట్ట కడితే పన్నెండు కట్టల్లో ఒక్కో టోకెన్ తక్కువ. పోనీ ఆ షీటు మళ్లీ కొట్టామంటే, చిరిగిన షీట్లో బాగున్న ముక్కలు ఎవరో పారెయ్యడం ఎందుకని కట్టలో కలిపితే పన్నెండు నంబర్లు రెండేసి అవుతాయి. ఇరుక్కున్న కాగితం తీసేశాక కొన్నిసార్లు మెషీనే ముందు వచ్చేసిన షీటును మళ్లీ కొడుతుంది. అందుకే మెషీన్ ఆగినప్పుడల్లా ఆగక ముందు షీటు, ఆగిన తర్వాత షీటు రెండూ చేత్తో పట్టుకొని నంబర్లు చూడాలి. పెళ్లి కార్డులు పది ఎక్కువ కొట్టిస్తే సంతోషిస్తారు. నంబరు పనిలో ఎక్కువ కొట్టడం అనేదే ఉండకూడదు. పాడైన ప్రతి షీటు మీదా నేను ఎర్రగీత కొట్టి సరుకుతో పాటే కస్టమర్‌కు ఇచ్చేస్తాను. తీసుకునేవాళ్లు పదిమందిలో ఒకరిద్దరే దాన్ని విప్పి చూస్తారు.

సున్నాల సంగతి కూడా చెప్పాలి. ఎక్సెల్లో 0014 అని కొడితే అది ముందు సున్నాలు తీసేసి 14 అని పెట్టుకుంటుంది. ఆ గడులను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి, లేదంటే ఫార్మాట్లో 0000 అని పెట్టుకోవాలి. సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) సేవ్ చేసి మళ్లీ ఎక్సెల్లో తెరిస్తే సున్నాలు మళ్లీ పోతాయి. ఇది అందం కోసం చెప్పడం లేదు. టోకెన్ మీద 14 అని ఉంటే ముందు ఒక 2 దిద్దితే 214 అయిపోతుంది. 0014 మీద ఆ పని అంత సులువుగా చెయ్యలేరు. ఆ సొసైటీ వాళ్లకు నాలుగంకెలు వేద్దామని చెప్పాను. "సున్నాలెందుకు, రైతులకు అర్థం కాదు" అన్నారు. బ్యాంకు పాసు పుస్తకం, ఆధార్ కార్డు చూసుకునే రైతుకు సున్నా అర్థం కాకపోవడం ఏమిటో నాకు తెలియలేదు. నేను గట్టిగా పట్టుబట్టాల్సింది.

వ్యాపారుల సంగతి కొంత నయం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక బిల్లు నంబరు వరుసగా ఉండాలని, 16 అక్షరాలు దాటకూడదని, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదని నిబంధన ఉంది. భయానికైనా మార్చి నెలాఖరులో వచ్చి కొత్త సిరీస్ చెప్పి రాయించుకుంటారు. గణపతి చందా పుస్తకాలు కొట్టించుకునే యూత్ పిల్లలు కూడా ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో రాసుకుంటున్నారు, లేకపోతే లెక్క దగ్గర కొట్లాట అవుతుందని. జనం గంటల తరబడి నిలబడే లైన్లకు టోకెన్లు ఇచ్చేచోట మాత్రం ఆ జాగ్రత్త కనబడడం లేదు.

సొసైటీలకు, కొనుగోలు కేంద్రాల వాళ్లకు, గుడి కమిటీలకు, హాస్పిటళ్లకు నా విన్నపం ఇది. ఆర్డరు ఫోన్లో చెప్పినా సరే, నంబరు మాత్రం కాగితం మీద రాసివ్వండి. మొదటి నంబరు ఎంత, చివరిది ఎంత, ఎన్ని అంకెలు, ఎన్ని కాపీలు. ఇద్దరికి పని పంచితే నంబర్లు కూడా పంచండి, లేదా ఒకరికి "ఎ", ఇంకొకరికి "బి" అని అక్షరం ముందే పెట్టించండి. ఎర్ర పెన్నుతో తర్వాత రాసేకంటే అది వెయ్యి రెట్లు మేలు. పోయినసారి ఏ నంబరు దగ్గర ఆగిందో ఒక రిజిస్టర్లో రాసుకోండి, మనిషి బదిలీ అయినా రిజిస్టర్ ఉంటుంది. సరుకు తీసుకునేటప్పుడు ప్రతి కట్టలో మొదటిది, చివరిది చూసుకొని, పాడైన షీట్లు అడిగి తీసుకోండి. లెక్కపెట్టడానికి మాకు ఒక్క పూట టైం ఇవ్వండి. రేటు దగ్గర బేరం ఆడండి, ఆ పూట దగ్గర ఆడకండి.

నాలాంటి ప్రెస్ వాళ్లు కూడా "ఎక్కడి నుంచి వెయ్యాలి?" అని అడిగి ఊరుకోకుండా "ఇంకెవరికైనా ఇచ్చారా?" అని రెండో ప్రశ్న వెయ్యాలి. ఆ రోజు నేను వెయ్యలేదు. ఇప్పుడు మా ఆర్డరు ఫారంలో ఆ ప్రశ్న అచ్చు వేయించాను, జవాబు రాయకపోతే పని మొదలుపెట్టడం లేదు. ఎక్సెల్ షీటు ఎట్లా చెయ్యాలో తెలియని పిల్లలు ఏ ప్రెస్సులో పనిచేసేవాళ్లైనా సరే వస్తే కూర్చోబెట్టి చూపిస్తాను.

జూన్ వచ్చిందంటే మళ్లీ విత్తనాలు, ఎరువుల లైన్లు మొదలవుతాయి. టోకెన్ల ఆర్డర్లు ఆ ముందు వారంలోనే వస్తాయి. వీలైతే ఈ ఉత్తరం ఆలోగా జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ నిర్వాహకురాలు,
హన్మకొండ