ఎరుపంటే ఆగు, పచ్చంటే పో

కావలి,
అక్టోబరు 27.

ఒరేయ్ బక్కోడా,

ఎట్టున్నావు? మోకాళ్ళ నొప్పి తగ్గిందా, ఇంకా ఆ నూనె ఈ నూనె రాసుకుంటూ చెల్లెమ్మ చేత తిట్లు తింటున్నావా? ఇక్కడ మూడు రోజులుగా ఒకటే ముసురు. వాయుగుండం అన్నారు, తుపాను అన్నారు, చివరికి ఏదీ కాలేదు గానీ ట్రంకురోడ్డు మీద మాత్రం మోకాలి లోతు నీళ్ళు. పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. మిషనుకి మోటారు పెట్టించాక కాలితో తొక్కే అలవాటు పోయింది. ఇప్పుడు తొక్కుదామంటే పిక్కలు పట్టేస్తున్నాయి. అందుకే కత్తెర పక్కన పెట్టి కాగితం తీశాను. ఫోన్లో అయితే రెండు మాటలు వినగానే "సరే సరే, ఇంకేంటి" అంటావు. ఉత్తరంలో నాకు అడ్డం రాలేవు కదా.

ఈ నెల నాకొక వింత ఆర్డరు తగిలింది. అక్టోబరు 24 ఐక్యరాజ్యసమితి దినం కదా, ఆ రోజు పిల్లలు తలా ఒక దేశం జెండా పట్టుకుని నడవాలని ఇక్కడి ఒక స్కూలు వాళ్ళు ముప్పై దేశాల జెండాలు కుట్టమన్నారు. యూనిఫాంలు కుట్టి కుట్టి విసుగెత్తిన ప్రాణం కదా, సంబరంగా ఒప్పుకున్నాను. రంగు కాగితాల మీద జెండాల బొమ్మలు ఇచ్చారు. వాటితో పాటు ఇంకో కాగితం. ఎడమ వైపు రంగు, కుడి వైపు అర్థం. ఎరుపు: అమరవీరుల రక్తం. ఆకుపచ్చ: పంటలు. తెలుపు: శాంతి. నీలం: సముద్రం లేదా ఆకాశం. పసుపు: బంగారం లేదా సూర్యుడు. ముప్పై దేశాలకీ ఇదే! ఉగాది పంచాంగంలో రాశిఫలాలు గుర్తొచ్చాయి నాకు. ఎవరికి చదివినా సరిపోతాయి.

అది చదువుతుంటే మీ నాయన కళ్ళ ముందు మెదిలాడు. బిట్రగుంట క్వార్టర్స్ అరుగు మీద తెల్ల డ్రస్సులో కూర్చుని, చంకలో రెండు జెండాలు పెట్టుకుని గూడ్సు గార్డు డ్యూటీకి బయల్దేరే మీ నాయన. ఒక పచ్చది, ఒక ఎర్రది. వానలో తడిసిన ఎర్ర జెండాని మనిద్దరం తెలివిగా ఆయన తెల్ల చొక్కాలో చుట్టిపెట్టాం చూడు! తెల్లారేసరికి చొక్కా గులాబీ రంగుకి తిరిగింది. ఆయన గులాబీ చొక్కాతో గూడ్సు ఎక్కాల్సి వచ్చింది. నీ వీపు మీద ఎన్ని పడ్డాయో నాకు లెక్క తెలియదు గానీ, నన్ను మాత్రం మా అమ్మ చీపురు తిరగేసి కొట్టింది. ఇప్పుడు గార్డు అనకూడదంట కదా, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంట. పేరు మారినా ఎరుపంటే ఆగు, పచ్చంటే పో. ఆ జెండాకి అర్థం రూల్సు పుస్తకంలో ఉంది, తప్పు చదివితే రైలు గుద్దుకుంటుంది. దేశాల జెండాలు మాత్రం అట్టా కాదురా.

ముందు కుట్టుడు సంగతి చెబుతా. జపాన్ తేలిక. తెల్లగుడ్డ, మధ్యలో ఎర్రటి సూర్యుడు. జెండా ఎత్తులో అయిదింట మూడు వంతులు ఆ గుండ్రం. మీ చెల్లెలి అన్నం కంచం బోర్లించి సుద్ద గీశాను, సరిగ్గా సరిపోయింది. అదే ఊపులో బంగ్లాదేశ్ కూడా పట్టాను. పచ్చ మీద ఎర్ర గుండ్రం. బొమ్మలో అది కొంచెం కర్ర వైపుకి జరిగి ఉంది. ప్రింటు తప్పు అనుకుని నేనే పెద్దమనిషి తరహాలో మధ్యకి సర్ది కుట్టేశాను. తీరా మా చిన్నది చూసి, "నాన్నా, వాళ్ళు కావాలనే అట్టా పెట్టుకున్నారు" అంది. ఎగిరేటప్పుడు గుడ్డ కొస ముడుచుకుపోతుంది కదా, అప్పుడు చూసేవాళ్ళకి గుండ్రం మధ్యలో ఉన్నట్టు కనపడాలంట. నలభై ఏళ్ళు కత్తెర పట్టినవాడిని, ఈ ముక్క నాకు తట్టలేదు! కుట్టు విప్పితే పచ్చగుడ్డ మీద సూది బెజ్జాలు. కొత్త గుడ్డ కోశాను, నష్టం నాదే.

నేపాల్ ఇంకా ఘోరం. రెండు త్రికోణాలు ఒకదాని మీద ఒకటి, చుట్టూ నీలం అంచు. వాళ్ళ రాజ్యాంగంలోనే గీత ఎట్టా గీయాలో, ఏ చుక్కని ఏ చుక్కతో కలపాలో మెట్టు మెట్టుగా రాసి పెట్టారంట. మనవాళ్ళు రాజ్యాంగంలో హక్కులు రాసుకుంటే వాళ్ళు పైపింగ్ జాకెట్టు కొలతలు రాసుకున్నారు. అయితే ఆ ఎరుపు రక్తం కాదు, వాళ్ళ కొండల్లో పూసే పువ్వు రంగు. కాగితంలోని అర్థం అక్కడే ఒకటి తేలిపోయింది.

ఇక అసలు గొడవ. 24వ తేదీ పొద్దున స్కూలు నుంచి టీచరమ్మ ఫోను. "ఏందండీ, ఐర్లండ్ జెండా ఇవ్వలేదు, ఐవరీ కోస్ట్ రెండు ఇచ్చారు" అని. నాకు టెన్షన్. లెక్క పెట్టి ఇచ్చానే! పరిగెత్తుకుంటూ పోయాను. చూస్తే ఏముంది, రెండింటికీ నిలువు పట్టీలు, అవే మూడు రంగులు. ఐర్లండ్‌కి కర్ర వైపు పచ్చ, ఐవరీ కోస్ట్‌కి కర్ర వైపు నారింజ. కర్ర దూర్చే గొట్టం ఒకదానికి నేనే అవతలి వైపు కుట్టాను. అక్కడే విప్పి చేత్తో కుట్టి ఇచ్చాను. పిల్లలు చుట్టూ మూగారు. ఒక గడుగ్గాయి, "తాతా, రెండూ ఒకటే గుడ్డ కదా, అర్థాలు వేరే ఎట్టా అయినయి?" అన్నాడు. నేను దారం కొరుకుతున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రి మా చిన్నదాన్ని కూర్చోబెట్టి అడిగాను. దానికి ఇట్టాంటివంటే పిచ్చి కదా, వెతికి వెతికి చెప్పింది. ఐర్లండ్‌లో పచ్చ కాథలిక్కులది, నారింజ ప్రొటెస్టెంట్లది. ఆ నారింజ పండూ కాదు, పొద్దుగూకే ఆకాశమూ కాదు. విలియం ఆఫ్ ఆరెంజ్ అని ఒక రాజు పేరులోంచి వచ్చింది. మధ్యలో తెలుపు ఇద్దరికీ రాజీ. ఐవరీ కోస్ట్‌కి పోతే అదే నారింజ గడ్డి మైదానం, అదే పచ్చ అడవి. ఒకే థాను లోంచి కోసిన గుడ్డరా అది!

ఇంతకీ మన జెండా కథ కూడా ఐర్లండ్ కథ లాగే మొదలైందని నీకు తెలుసా? 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో పింగళి వెంకయ్య గాంధీకి చూపించినది ఎరుపూ పచ్చా. ఎరుపు హిందువులకి, పచ్చ ముస్లింలకి. మిగతా మతాల వాళ్ళ కోసం తెలుపు కలపమన్నది గాంధీ. అంటే మొదట్లో మనదీ ఎవరి పట్టీ వాళ్ళకి అన్న జెండానే. దాని మీద పేచీలు వచ్చాయి. మా రంగేది అని అడిగేవాళ్ళు అడిగారు. ఒక కమిటీ వేస్తే వాళ్ళు మొత్తం కాషాయమే ఉంచి మూలన రాట్నం పెడదాం అన్నారు, అదీ కుదరలేదు. చివరికి 1931లో ఎరుపు తీసి కాషాయం పెట్టి, ఈ రంగులకి మతాలతో సంబంధం లేదు, కాషాయం ధైర్యం త్యాగం, తెలుపు సత్యం శాంతి, పచ్చ విశ్వాసం అని తీర్మానం చేశారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో రాధాకృష్ణన్ లేచి ఇంకో వరస చెప్పాడు: కాషాయం అంటే నాయకులకి సొంత లాభం మీద ఆశ ఉండకూడదని, తెలుపు వెలుగు దారి అని, పచ్చ మనకీ నేలకీ ఉన్న సంబంధమని. పచ్చకి పాతికేళ్ళలో మూడు అర్థాలు మారాయి చూడు. నాకు మటుకు ఆ మూడోది నచ్చింది. మాగాణి చేసేవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పటిదాకా జెండా మీద ఉన్న రాట్నం తీసి చక్రం ఎందుకు పెట్టారో చెబితే నువ్వు నవ్వుతావు. ధర్మచక్రం, అశోకుడు, 24 ఆకులు, అవన్నీ ఉన్నాయి. కానీ ఆ రోజు నెహ్రూ చెప్పిన వాటిలో ఒక కారణం అచ్చం టైలర్ మాట. జెండాకి ఒక వైపు ఎట్టా ఉంటే రెండో వైపూ అట్టాగే ఉండాలి, రాట్నం అయితే అవతలి నుంచి చూసినప్పుడు తిరగబడుతుంది అని. ఇది చదివి నేను లేచి నిలబడ్డాను. కుట్టేవాడి బాధ ఢిల్లీలో ఒకరికి తెలిసింది!

వెంకయ్య గారి గురించి ఇంకో ముక్క. ఆయన 1924 నుంచి 1944 దాకా మన నెల్లూరులోనే ఉండి అభ్రకం మీద పరిశోధన చేశాడంట. జెండా చేసిన మనిషి గూడూరు వైపు గనుల రాళ్ళు పొరలు పొరలుగా విప్పుకుంటూ గడిపాడన్నమాట. మన జిల్లా అభ్రకానికి లేత పచ్చ ఛాయ ఉంటుంది కదా, చిన్నప్పుడు జేబుల్లో వేసుకుని తిరిగేవాళ్ళం. ఇన్నేళ్ళలో స్కూల్లో ఎవరన్నా మనకి చెప్పారా ఈ సంగతి? మచిలీపట్నం దగ్గర పుట్టాడు అని చెప్పి ఊరుకున్నారు.

అర్థాలు తర్వాత వచ్చి చేరడం మన ఒక్కరి దగ్గరే కాదు. బ్రెజిల్ జెండా పచ్చా పసుపూ. అడవులు, బంగారం అని పిల్లలకి చెబుతారు. 1822లో పెట్టినప్పుడు పచ్చ రాజు వంశానిది, పసుపు ఆయన పెళ్ళాం పుట్టింటిది! రాజులు పోయారు, పచ్చకి అడవి దొరికింది. అమెరికా వాళ్ళు 1777లో జెండా తీర్మానం చేసినప్పుడు రంగులకి అర్థమే రాయలేదు. అయిదేళ్ళ తర్వాత రాజముద్ర కోసం రాసుకున్న అర్థాలనే జెండాకి తగిలిస్తున్నారు. జమైకాది ఇంకా బాగుంది. 1962లో నలుపు అంటే కష్టాలు అని రాసుకున్నారు. 1996లో ఆ మాట తీసేసి, నలుపు అంటే జనం బలం, సృజన అన్నారు. గుడ్డ మార్చలేదు, మాట మార్చారు. దక్షిణాఫ్రికా వాళ్ళు 1994లో ఆరు రంగులు పెట్టుకుని, ఏ రంగుకి ఏ అర్థమో ప్రభుత్వం చెప్పదు అన్నారు. ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది గానీ, టీచరమ్మ కాగితంలో మాత్రం దానికీ "రక్తం, పంటలు, శాంతి" అని రాసి ఉంది.

మన జువ్వలదిన్నె జాలర్లు వల గుర్తుకి కట్టుకునే జెండా గుడ్డ కోసం నా దగ్గరికే వస్తారు. ఏ రంగు కావాలయ్యా అంటే "ఏదైనా సరే, నీళ్ళ మీద దూరానికి కనపడాల" అంటారు. నల్లది ఇస్తే సంతోషంగా పోతారు. గుడి ధ్వజానికి కాషాయం, దర్గాకి పచ్చ, ఎన్నికలొస్తే అన్ని రంగుల కండువాలు, అన్నిటికీ నా షాపులో ఉన్నది ఒకే తెల్లదారం కండె.

వంగపండు రంగు మాత్రం ముప్పైలో ఒక్కదానికీ తగల్లేదు. అడిగితే మా చిన్నది, పూర్వం ఆ రంగు సముద్రపు నత్తల నుంచి తీసేవాళ్ళు, మహా ఖరీదు, రాజులు తప్ప కట్టలేదు, 1856లో గానీ చవక రంగు రాలేదు అంది. డొమినికా అనే బుల్లి దీవి జెండాలో ఉంది కానీ అది చిలక పొట్ట మీద. చిలకని ఎంబ్రాయిడరీ చేయాల్సి వస్తుందని ఆ దేశం ఆర్డరులో లేనందుకు దండం పెట్టుకున్నాను.

ఇదంతా విని నేను రంగుల అర్థాలన్నీ ఒట్టివే అంటున్నానని అనుకోకు. బంగ్లాదేశ్ ఎరుపుని చూసి, అది 1971లో పారిన రక్తం కాదని ఆ సంవత్సరం ఇల్లు వదిలి వచ్చినవాడితో అనగలమా? ఇంకోటి బోట్స్వానా. ఎండిపోయే దేశం. జెండా అంతా లేత నీలం, మధ్యలో నలుపూ తెలుపూ పట్టీలు. ఆ నీలం సముద్రం కాదు, వాళ్ళకి సముద్రమే లేదు. అది వాన. వాళ్ళ భాషలో వానని పులా అంటారు, వాళ్ళ డబ్బు పేరూ పులానే. మన ఉదయగిరి, కనిగిరి మెట్ట రైతుకి చూపిస్తే ఒక్క క్షణంలో అర్థం చేసుకుంటాడు. ఆ నీలం కోసం బజారంతా తిరిగాను. నేవీ బ్లూ ఉంది, రామా బ్లూ ఉంది, నెమలికంఠం ఉంది, ఆ వాన నీలం దొరకలేదు. చివరికి పాత లంగా అస్తరు గుడ్డ ఒకటి కుదిరింది. ఆ జెండా పట్టుకున్న పిల్ల అడుగు వేసిందో లేదో, ఊరేగింపు మొదలవగానే వాన పట్టుకుంది. మొత్తం తడిసి లోపలికి పరిగెత్తారు. జపాన్ సూర్యుడు తెల్లగుడ్డ మీదికి కారిపోయి గులాబీ రంగు తిరిగాడు. నా బుద్ధి ఇన్నేళ్ళయినా మారలేదు, ఎర్రగుడ్డని ముందు నీళ్ళలో నానబెట్టి ఉతకలేదు.

టీచరమ్మ డబ్బులు పూర్తిగానే ఇచ్చింది. ఆ అర్థాల కాగితం మాత్రం నేను తిరిగి ఇవ్వలేదు, దాని వెనకే నీకు ఈ చివరి పేజీ రాస్తున్నాను, తిప్పి చూడు.

సంక్రాంతికి వస్తానన్నావు, ఈసారి ఎగ్గొడితే ఊరుకోను. మిగిలిన గుడ్డ ముక్కలన్నీ కలిపి నీ మనవడికి బొంత కుడుతున్నాను. ఏ ముక్క ఏ దేశానిదో నాకే గుర్తు లేదు. మీ నాయన పచ్చ జెండా నీ ట్రంకు పెట్టెలో ఉండేది కదా, ఇంకా ఉందా? ఉంటే వచ్చేటప్పుడు తీసుకురా. కర్ర దగ్గర గొట్టం చిరిగింది అన్నావు అప్పుడెప్పుడో. డబుల్ కుట్టు వేసి ఇస్తాను. ఈసారి సరైన వైపే వేస్తాలే.

చెల్లెమ్మకి నేను అడిగానని చెప్పు. కరెంటు వచ్చింది, ఉంటాను.

నీ
కత్తెరగాడు